ఆపరేషన్ బీరువా

"షిప్పు ఎప్పుడు కదులుతుందండీ?"

"సముద్రం ఒప్పుకున్నప్పుడు."

"గొడుగు తెచ్చారా?"

"తెచ్చాను. చిల్లు ఉంది."

కోడ్ సరిపోయింది. పూర్ణచంద్ర టూల్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని ఆ పెద్దమనిషి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో హేవ్‌లాక్ దీవి బోటు కోసం వచ్చిన జనం మూటలతో, కోళ్ళ గంపలతో కిటకిటలాడుతున్నారు. జూన్ వాన ఓ విడత కురిసి, రెండో విడతకి ఊపిరి పీల్చుకుంటోంది.

పెద్దమనిషి పేరు నారాయణమూర్తి. ఢిల్లీలో సీక్రెట్ సర్వీస్ ఈస్ట్ డెస్క్‌కి చీఫ్. ఇవాళ రిటైరైన హెడ్మాస్టర్ వేషంలో ఉన్నాడు. పంచె, కళ్ళజోడు, మెడ చుట్టూ ఉన్ని మఫ్లర్. అండమాన్ ఉక్కలో ఉన్ని మఫ్లర్! జెట్టీలో సగం మంది ఆయన్నే చూస్తున్నారు. మారువేషాల విషయంలో చీఫ్ ఎవరి మాటా వినడు.

"ఫెరార్గంజ్ దాటాక కొండ మీద వాతావరణ కేంద్రం అని బోర్డు ఉంటుంది. తెలుసా?" చీఫ్ పెదాలు కదలకుండా అడిగాడు.

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను."

"అక్కడ వాతావరణం ఎవరూ చూడరు. సముద్రం అడుగున మన మైకులున్నాయి. వాటిని వినే కంప్యూటర్ ఆ కొండ మీద ఉంది. పాతికేళ్ళ నాటిది. అందరూ తాత అంటారు. దాని కడుపులో ఉన్న మైకుల కార్డు ఇప్పటి ఏ మెషీన్‌లోనూ పట్టదు. కొత్త సిస్టమ్ వచ్చే ఏడాదికి గాని రాదు. అంతవరకూ ఆ తాతే దిక్కు."

"ఇప్పుడు తాతకేమైంది?"

"హార్డ్‌డిస్క్ నిండిపోయింది. నలభై జీబీ ఈ రోజుల్లో ఏ మూలకి? పోయిన వారం ఐదు వందల జీబీది కొత్తది బిగించారు. మూడుసార్లు స్కాన్ చేశాం. వైరస్ లేదు. శుభ్రంగా ఉంది. గొడవ పాత డిస్క్‌తో."

చీఫ్ మఫ్లర్ సర్దుకున్నాడు. చెమట ధారగా కారుతోంది పాపం.

"పాత డిస్క్‌ని రూలు ప్రకారం పగలగొట్టాలి. పగలగొట్టినట్టు సంతకం కూడా ఉంది. కాని సుత్తి దెబ్బలు తిన్నది అది కాదు, ఏదో చచ్చిన డిస్క్. అసలుదాన్ని స్టేషన్ టెక్నీషియన్ ఇంటికి మోసుకుపోయాడు. మన దీవుల మధ్య ఛానల్లో తిరిగే ప్రతి ఓడ చప్పుడూ అందులో ఉంది. లగూన్ ముఠా దానికోసం ప్రాణాలిస్తుంది."

లగూన్ అంటే ఏమిటో పూర్ణచంద్రకి చెప్పక్కర్లేదు. విదేశీ సొమ్ముతో నడిచే గూఢచారుల ముఠా. వాళ్ళ కోసం రెండేళ్ళుగా నిద్ర పాడుచేసుకుంటున్నాడు.

"ఎవరు చెప్పారు మనకి?"

"ముత్యం." లగూన్ లోపల మన తరఫున పనిచేసే మనిషికి అది కోడ్ నేమ్. పూర్ణచంద్ర ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. "ఇంకో కబురు కూడా చెప్పింది. ఇవాళ సాయంత్రం లగూన్ వెనకున్న దేశం సబ్‌మెరైన్ ఒకటి మన ఛానల్లో దూరి, చెన్నై నుంచి సముద్రం అడుగున వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌కి, డేటా దొంగిలించే ట్యాప్ తగిలిస్తుందట. తాత విని అలారం కొడితే నేవీ చుట్టుముడుతుంది. ఆ పని తాత చూసుకుంటాడు. నీ పని టెక్నీషియన్. పేరు సత్యారావు. ఇల్లు డిగ్నాబాద్."

పూర్ణచంద్ర టూల్ బ్యాగ్ తీసి పక్కన పెట్టాడు.

"ఆయన మా బావ."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. ఆ ఇంట్లోకి నీ అంత సులువుగా ఎవడు వెళ్ళగలడు? చీకటి పడేలోగా డిస్క్ నా చేతిలో ఉండాలి, అతని చేతులకి బేడీలు ఉండాలి. అతను దొంగ కాదంటావా, కాదని రుజువు చూపించు. దేశద్రోహం కేసు, చంద్రా. పడితే మళ్ళీ బయటికి రావడం ఉండదు."

చీఫ్ జేబులోంచి ఓ టెస్టర్ తీసి ఇచ్చాడు. చూడ్డానికి బజార్లో దొరికే మామూలు టెస్టరే.

"పిడి ఎడమకి తిప్పితే నాకు సిగ్నల్ వస్తుంది. ఒకే ఒక్క సిగ్నల్. అర్జెంట్ అని అర్థం. కుడికి తిప్పితే మత్తు సూది దూసుకెళ్తుంది."

"స్క్రూలు తిప్పుతుందా?"

చీఫ్ ఓ క్షణం ఆలోచించాడు. "అది టెస్ట్ చెయ్యలేదు."

*

సీక్రెట్ ఏజెంట్లు రకరకాల వేషాలు వేస్తారు. పూర్ణచంద్రకి సొంత ఊళ్ళో వేషంతో పనిలేదు. సర్వీస్‌లో చేరకముందు అబెర్డీన్ బజార్లో కంప్యూటర్ షాపులో రిపేర్లు చేసేవాడు. ఢిల్లీలోనూ అదే చేస్తున్నాడని ఇంట్లో వాళ్ళ నమ్మకం. సంచీలో స్క్రూడ్రైవర్లు పెట్టుకుని అక్క గుమ్మం ఎక్కితే చాలు, అంతకంటే పక్కా వేషం ఏ మేకప్‌మ్యానూ వెయ్యలేడు.

"ఒరే చంద్రం! చెప్పా పెట్టకుండా ఊడిపడీసావేట్రా!" అంది భారతీదేవి. స్కూల్లో సైన్స్ టీచరు. వాన సెలవిచ్చారు కాబట్టి ఇంట్లోనే ఉంది. "ఎంత చిక్కిపోనావురా! ఢిల్లీలో తిండి పెట్టరా నీకు?"

"కంపెనీ పని మీద వచ్చేనక్కా. బావ ఆఫీసులో కంప్యూటర్ చెక్ చెయ్యాలి. బావ లేడా?"

"కొండ మీదే ఉన్నారు. రాత్రనక పగలనక ఆ వానలు లెక్కెట్టడమే. క్యారేజీ కడతాను, పట్టుకెళ్దువు గాని. కూచో. కాసేపు కుదురుగా కూచోరా బాబూ, చిన్నప్పటి నుంచీ ఒక్క చోట నిలవ్వు కదా!"

కూచోవడం అతనివల్ల ఎక్కడవుతుంది? లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, టీవీ రిమోట్ అటూ ఇటూ తిప్పాడు. గోడ మీద మేనకోడలు కళ్యాణి పెళ్ళి ఫోటో ఉంది. ఏడాది కిందటి పెళ్ళి. దేశం పని మీద ఎక్కడో ఉండిపోయి అతను రాలేకపోయాడు.

"పెళ్ళి వీడియో చూస్తానక్కా."

"ఏం చూస్తావు? డీవీడీలకి బూజు పట్టీసింది. మీ బావ ముందే తెలివిగా ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించేరట. ఏసీ గది కదా, అక్కడైతే పాడవదని. ఆదివారం కళ్యాణి అత్తారు వస్తన్నారు. ఆలోగా తెమ్మని రోజూ పోరుతున్నాను." వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఆయన ఏదీ పారెయ్యరు, ఏదీ టైముకి తేరు. పోయిన మిక్సీ మూత కూడా దాచేరు. ఎందుకండీ అంటే, షిప్పు రాకపోతే? అంటారు."

షిప్పు రాకపోతే. దీవుల్లో పుట్టిన ప్రతివాడికీ ఇది ఉగ్గుపాలతో వచ్చిన ప్రశ్న. వానాకాలంలో షిప్పు ఆలస్యమైతే ఉల్లిపాయ దగ్గర్నుంచి ఫ్యాన్ కెపాసిటర్ దాకా ఏదీ దొరకదు. అందుకే ఇక్కడ ఎవరూ ఏదీ పారెయ్యరు.

అక్క ఇంకా వంటింట్లోనే ఉంది. పూర్ణచంద్ర పడకగదిలోకి జారుకున్నాడు. బీరువా తలుపు సందులోంచి ఓ వైరు బయటికి వచ్చి ప్లగ్గులో దూరి ఉంది. తలుపు తీశాడు. లోపల సన్నటి బల్బు వెలుగుతోంది. ఈ దీవుల్లో బీరువాలకీ కరెంటు కావాలి మరి! బల్బు వేడి లేకపోతే ఒక్క వానాకాలంలో పట్టుచీరలు, సర్టిఫికెట్లు, కెమెరాలు అన్నీ బూజు కొట్టుకుపోతాయి.

చీరల అడుగున తువ్వాల్లో చుట్టి రెండు హార్డ్‌డిస్కులు కనిపించాయి. ఒకటి తుప్పు మచ్చలు పడి ఎప్పుడో చచ్చిన ఇంకో పాతది. రెండోదాని మీద గవర్నమెంట్ స్టిక్కర్ ఉంది.

అతను ఆ డిస్క్ చేతిలోకి తీసుకున్నాడు. మంచం అంచున కూలబడ్డాడు. చీఫ్ మాట అబద్ధం కావాలని దారంతా దేవుడికి మొక్కుకుంటూ వచ్చాడు. బావ! కార్బిన్స్ కోవ్ బీచ్‌లో తనని నడుం పట్టుకుని ఈత నేర్పిన మనిషి. నీళ్ళు మింగి ఏడిస్తే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చిన మనిషి. ఆయన చేతులకి బేడీలు వేసి, మళ్ళీ ఈ గుమ్మంలోకి వచ్చి అక్క మొహం ఎలా చూడ్డం?

కాని ఏదో పొసగడం లేదు. అమ్ముకునేవాడు అమ్ముకుంటాడు. అమ్ముకునే సరుకుని పెళ్ళాం పట్టుచీరల మధ్య, బల్బు కింద, పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు వెచ్చగా దాస్తాడా?

అతని చేతులు ఊరుకోలేదు. స్టిక్కర్ గోటితో ఊడదీసి చచ్చిన డిస్క్‌కి అంటించి, దాన్ని టూల్ బ్యాగ్‌లో వేసుకున్నాడు. అసలుదాన్ని తువ్వాల్లో, పైన ప్లాస్టిక్ కవర్లో చుట్టాడు. అక్క పెరట్లోకి వెళ్ళిన అదనులో క్యారేజీ అడుగు గిన్నెలోని అప్పడాలు తీసి పొయ్యి గట్టు మీద పెట్టి, వాటి చోట డిస్క్ దూర్చాడు. ఎందుకు చేశాడో అడిగితే చెప్పలేడు. అసలు సరుకు కనిపించే సంచీలో పెట్టకూడదని సర్వీస్‌లో చేరిన మొదటి రోజు నేర్పిన పాఠం, అంతే.

*

అక్క స్కూటర్ తీసుకుని లంబాలైన్ పేట దాటుతుంటే వాన దంచికొట్టింది. ఎయిర్‌పోర్ట్ గోడ పక్కన తెల్లకారు ఒకటి అడ్డంగా ఆగి ఉంది. అందులోంచి ఓ అమ్మాయి దిగింది. వానలో తడిసినా నలగని తెల్ల సల్వార్, నల్లకళ్ళద్దాలు, నీలం రంగు గోళ్ళు. రోడ్డు మీద ఆటోవాడు ఆమెని చూస్తూ గోతిలో పడ్డాడు.

"గొడుగు తెచ్చారా, మిస్టర్ పూర్ణచంద్ర?"

"తెచ్చాను. చిల్లు ఉంది."

"నా పేరు పూజ. మీ ఫైల్లో ముత్యం." నవ్వింది. "డిస్క్ దొరికిందా?"

"దొరికింది."

"నాకివ్వండి. చీఫ్ ఆర్డర్. సాయంత్రం ఫ్లైట్‌లో ఢిల్లీ తీసుకెళ్తున్నాను."

"ఈ వానలో ఫ్లైటా?"

"టికెట్ కన్ఫర్మ్ అయింది."

జూన్ నెలలో పోర్ట్ బ్లెయిర్‌లో టికెట్ ఉంటే విమానం ఎగురుతుందని నమ్మే మనిషిని చూసి చాలా కాలమైంది. పూర్ణచంద్ర నవ్వు ఆపుకున్నాడు. ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఇక్కడ చినుకు పడితే ముందు చచ్చేది అదే.

"చీఫ్‌తో ఒక మాట..."

"టైమ్ లేదు." ఆమె హ్యాండ్‌బ్యాగ్ మూత కొద్దిగా తెరుచుకుంది. లోపల తుపాకి సైలెన్సర్ మూతి కనిపించింది. "ప్లీజ్."

మన మనిషే అయితే తుపాకి దేనికి? ఒక పాత డిస్క్ కోసం ఈ తొందరేమిటి? అడగాలనుకున్నాడు గాని, సైలెన్సర్‌తో వాదన పెట్టుకోకూడదు. స్టిక్కర్ ఉన్న డిస్క్ తీసి ఇచ్చాడు. ఆమె స్టిక్కర్ చదువుకుంది. తర్వాత స్కూటర్ హుక్కుకి వేలాడుతున్న క్యారేజీ మీద చూపు ఆగింది.

"అందులో ఏముంది?"

"అరటికాయ వేపుడు, మునక్కాడల పులుసు. మా బావకి. రుచి చూస్తారా మేడమ్? మా అక్క పులుసు తాగినవాళ్ళు మళ్ళీ మెయిన్‌లాండ్ వెళ్ళరు."

ఆమె పైమూత తీసింది. వేపుడు వాసన గుప్పుమంది. రెండో గిన్నె వైపు చెయ్యి వెళ్ళింది. డిస్క్ దాని కిందే ఉంది. వేలికి నూనె అంటింది. ఆమె నీలంగోరు కేసి చూసుకుని, మొహం చిట్లించి, మూత పెట్టేసింది.

"ఎంజాయ్ యువర్ లంచ్."

కారు ఎయిర్‌పోర్ట్ గేటు వైపు తిరిగింది. పూర్ణచంద్ర టెస్టర్ పిడిని ఎడమకి తిప్పి, స్కూటర్ గేరు మార్చాడు.

*

ఫెరార్గంజ్ పోకతోటలు దాటి కొండెక్కేసరికి బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. వాతావరణ కేంద్రం గుమ్మంలో సత్యారావు లుంగీ పైకి కట్టుకుని నిలబడ్డాడు.

"అరె బామ్మర్దీ! నువ్వేట్రా ఇక్కడ? క్యా బాత్ హై!"

"కంపెనీ పంపింది బావా. కొత్త డిస్క్ ఎలా నడుస్తోందో చూడమన్నారు." పాస్ చూపించాడు. నకిలీదే గాని, అసలుదాని కంటే బాగుంటుంది.

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్. చూద్దువు గాని రా. ఇదే, వాన లెక్కెట్టే మెషీన్."

బావ అబద్ధం చెబుతూ చెవి గోక్కున్నాడు. తను కూడా అబద్ధాలే చెబుతున్నాడు కాబట్టి పూర్ణచంద్రకి కోపం రాలేదు.

తాత ఓ మూల గుర్రుగుర్రుమంటున్నాడు. పసుపు తిరిగిన డబ్బా, గాజు మానిటర్. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలు సన్నగా వణుకుతున్నాయి. ఆ గీతలు సముద్రం అడుగు చప్పుళ్ళు.

"కొత్తది ఎవరు సెట్ చేశారు బావా?"

"చెన్నై కంపెనీ మేడమ్. తన లాప్‌టాప్‌లో అంతా రెడీ చేసి తెచ్చింది. పాతదాంట్లో సరుకంతా ఎక్కించింది. పైనుంచి ఓడల చప్పుళ్ళ లైబ్రరీ అని ఇంకో పెద్ద మూట కూడా..." సత్యారావు నాలిక్కరుచుకున్నాడు. "అదే, వానల లైబ్రరీ."

"ఆవిడ గోళ్ళు?"

"నీలం రంగు. ఏం? నీకు తెలుసా?"

పూర్ణచంద్ర అప్పటికే మానిటర్ ముందు కూర్చున్నాడు. కీబోర్డ్ లాక్కుని డిస్క్ వివరాలు తెరిచాడు. మొత్తం ఐదు వందల జీబీ. నిండింది నూట ముప్పై ఆరు జీబీ. ఖాళీ బోలెడంత ఉంది. ఆ నూట ముప్పై ఆరు చూడగానే పాత షాపు రోజులు గుర్తొచ్చాయి. కంప్యూటర్ వెనక్కి వంగి తయారైన సంవత్సరం చూశాడు. 1999.

"ఓరి దేవుడో!"

"ఏమైందిరా?"

"బావా, నీ పాత స్కూటర్ మీటర్ గుర్తుందా? తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది తర్వాత ఏమయ్యేది?"

"మళ్ళీ సున్నాకి వచ్చీసేది."

"ఈ తాతా అంతే. ఆ కాలం మెషీన్లకి నూట ముప్పై ఏడు జీబీకి మించి లెక్క రాదు. నువ్వు ఐదు వందలది తగిలించినా, నూట ముప్పై ఏడు నిండేదాకా హాయిగా నడుస్తుంది. దాటిన మరుక్షణం మీటర్ సున్నాకి వస్తుంది. కొత్త రికార్డింగ్ తీసుకెళ్ళి డిస్క్ మొదట్లో రాస్తుంది. మొదట్లో ఏముంటుంది? తాత బుర్ర! తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకుంటాడు, భస్మాసురుడిలాగ."

షాపులో పనిచేసే రోజుల్లో ఇలా తల పేలిన కంప్యూటర్లు ఎన్ని వచ్చేవో! పెద్ద డిస్క్ చవగ్గా దొరికిందని పాతదాంట్లో తగిలించుకుని, పిల్లల ఫోటోలన్నీ పోగొట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళు. అందుకే స్కాన్‌లో ఏమీ దొరకలేదు. ఈ బాంబులో మందే లేదు. డిస్క్ సైజే బాంబు. ఆ లైబ్రరీ మూట గీత దగ్గరదాకా నింపడానికి. ఇవాళ్టి రికార్డింగ్‌తో గీత దాటుతుంది, సబ్‌మెరైన్ వచ్చే వేళకి తాత చెవిటివాడవుతాడు. తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? పాత డిస్క్ ఇంటికి మోసుకుపోయిన టెక్నీషియన్ నెత్తిన.

"బావా, సూటిగా అడుగుతున్నాను. పాత డిస్క్ ఎందుకు పట్టుకెళ్ళావు?"

సత్యారావు మొహం పాలిపోయింది. "నీకెలా... చేతులు రాలేదురా చంద్రం! సుత్తి ఎత్తేను. ఇంకా తిరుగుతోంది కదా, ప్రాణం ఉన్నదాన్ని ఎలా కొట్టీడం? రేపు కొత్తది పోతే? షిప్పు రాకపోతే? అందుకే చచ్చినదాన్ని కొట్టీసి, దీన్ని బీరువాలో పెట్టీసాను. ఆ మేడమ్ చూసింది కూడా. పర్లేదు భయ్యా అని నవ్వింది."

పూర్ణచంద్రకి ఆ క్షణంలో బావని కావలించుకోవాలనిపించింది. దొంగ కాదు, ద్రోహి కాదు. అచ్చమైన అండమాన్ మనిషి. లగూన్ వాళ్ళు అన్నీ లెక్కేసుకున్నారు గాని, పనిచేసే వస్తువుని పగలగొట్టలేని చేతుల్ని లెక్కలో వేసుకోలేదు. అది పూజ కంట పడ్డాక, దాన్ని మన చేతే వెతికించి కాజెయ్యాలని చూశారు. తాతని మళ్ళీ లేపగలిగేది అదొక్కటే మరి.

"బావా, నేను కంప్యూటర్ మెకానిక్‌ని కాదు."

"నేనూ వానలు లెక్కెట్టను లేరా." సత్యారావు లుంగీ బిగించాడు. "ఏటి సెయ్యాలో చెప్పు."

స్క్రీన్ మీద గీతల్లో ఓ మూల చిన్న ముడి కనిపించింది. సన్నగా, దూరంగా. ఏదో వస్తోంది. నిండిన లెక్క నూట ముప్పై ఏడుకి వెంట్రుకవాసిలో ఉంది.

"పవర్ ఆపెయ్!"

తాత నిట్టూర్చి ఆరిపోయాడు. పూర్ణచంద్ర టెస్టర్‌తో మూత స్క్రూ పట్టాడు. జారిపోయింది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ జారింది. సూదులు, సిగ్నళ్ళు అన్నీ ఉన్న టెస్టర్‌కి స్క్రూ మాత్రం పట్టడం లేదు! తన సంచీలోని పాత స్క్రూడ్రైవర్ తీశాడు. మూత ఊడింది. కొత్త డిస్క్ నుంచి బెల్టు లాంటి వెడల్పు కేబుల్, పవర్ వైరు లాగేశాడు.

"పాతది ఇంటి దగ్గరుండిపోయింది కదరా!" సత్యారావు తల పట్టుకున్నాడు.

"నీ భోజనంలో ఉంది బావా."

అడుగు గిన్నెలోంచి డిస్క్ బయటికి వచ్చింది. పొద్దుటిదాకా బల్బు కింద ఎండినట్టుంది, ఒక్క చెమ్మ చుక్క లేదు. దాన్ని బిగించే టైమ్ లేదు. తువ్వాలు మడిచి టేబుల్ మీద వేసి, దాని మీదే పడుకోబెట్టి కేబుళ్ళు గుచ్చాడు. స్విచ్ నొక్కాడు.

నల్లటి స్క్రీన్. మెమరీ లెక్కపెట్టుకుంటున్నాడు తాత. అంకెలు నింపాదిగా ఎక్కుతున్నాయి, పెన్షన్ ఆఫీసులో గుమాస్తాలాగ. కట్... కట్... కట్... డిస్క్ మూలుగుతోంది గాని తిరగడం లేదు.

"రెండు తట్టాలి దానికి." సత్యారావు వేలి కణుపుతో పక్కన రెండుసార్లు తట్టాడు. జుమ్మని తిరిగింది.

ఆకుపచ్చ గీతలు వచ్చాయి. వెంటనే వాటి మీద ఎర్ర డబ్బా ఒకటి వచ్చింది. డిస్క్‌లో చోటు లేదు, రికార్డింగ్ మొదలుపెట్టలేను. రికార్డింగ్ లేకపోతే అలారం లేదు. ఏదో ఒకటి తీసెయ్యాలి. పూర్ణచంద్ర అన్నిటికంటే పెద్ద ఫైల్ వెతికాడు. దొరికింది. పదకొండు జీబీ. పేరు 'కళ్యాణి పెళ్ళి'.

"బావా! గవర్నమెంట్ సీక్రెట్ డిస్క్ నిండింది దీనితోనా?"

"ఇంట్లో బూజురా..."

"కొత్తదాంట్లో కాపీ ఉందా?"

"ఉంది, ఉంది. మేడమే ఎక్కించింది."

డిలీట్ నొక్కాడు. ఖాయమేనా అని అడిగాడు తాత. పూర్ణచంద్ర వేలు మళ్ళీ కీ మీదికి వెళ్ళింది.

"చెయ్యి తియ్యండి, మిస్టర్ పూర్ణచంద్ర."

గుమ్మంలో పూజ. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, తెల్ల సల్వార్‌కి మోకాళ్ళదాకా బురద. నల్లకళ్ళద్దాలు లేవు. చేతిలో సైలెన్సర్ ఉంది.

"ఫ్లైట్ క్యాన్సిలా?" అన్నాడు పూర్ణచంద్ర.

"మీరిచ్చిన డిస్క్ లాప్‌టాప్‌కి తగిలించాను. శవం." ఆమె గొంతులో నవ్వు లేదు. "ఇద్దరూ కదలకండి. కాసేపు కబుర్లు చెప్పుకుందాం. ఆ ముడి దాటిపోనివ్వండి. తర్వాత మీ దారి మీది."

స్క్రీన్ మీద ముడి లావెక్కుతోంది. నడిమికి వచ్చేసింది. ఖాయమేనా, ఖాయమేనా అని తాత కళ్ళార్పుతూ అడుగుతున్నాడు.

"అమ్మా," అన్నాడు సత్యారావు దీనంగా, "చచ్చేముందు ఒక ముద్ద తిననిస్తావా? పొద్దున్నుంచీ కడుపు కాలిపోతోంది." అడిగిన మనిషి జవాబు కోసం ఆగలేదు. పులుసు గిన్నె ఎత్తి ఆమె మొహం మీద కుమ్మరించాడు.

తుపాకి పేలింది. గుండు క్యారేజీ మూతకి తగిలి ఠంగుమని సీలింగ్‌లోకి పోయింది. పూర్ణచంద్ర కుడిచేత్తో టేబుల్ మీది టెస్టర్ అందుకుని పిడిని కుడికి తిప్పాడు, ఎడమచేత్తో కీ నొక్కాడు. సూది ఆమె భుజంలో దిగింది. పూజ రెండడుగులు తూలి, బావ కుర్చీలో ఒద్దికగా కూర్చుని, మునక్కాడ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది.

ఎర్ర డబ్బా మాయమైంది. గీతలు ఒక్కసారిగా ఎగిరాయి. తాత తన పాతికేళ్ళ గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపు తీగల మీద నేవీకి చేరింది. బావా బామ్మర్దులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నేలమీద చతికిలబడ్డారు. సత్యారావు ఏడుస్తున్నాడు. పూర్ణచంద్రకీ కళ్ళు తడిశాయి. పులుసు కారం అని చెప్పుకున్నాడు.

*

చీఫ్ వచ్చేసరికి సబ్‌మెరైన్ నేవీ ఓడల మధ్య బుద్ధిగా నీటిపైకి తేలింది. పూజని జీపు ఎక్కించారు. తడిసిన మఫ్లర్ పిండుకుంటూ చీఫ్ గది చుట్టూ చూశాడు.

"ముత్యం మనల్నే ముంచబోయిందన్న మాట. తాత ఎలాగూ చెవిటివాడవుతాడని, మనం నమ్మడానికి సబ్‌మెరైన్ కబురు నిజమే చెప్పింది. నమ్మినందుకు నాకు బుద్ధి వచ్చింది." తువ్వాలు మీద తిరుగుతున్న డిస్క్ వైపు వేలు పెట్టాడు. "సత్యారావుగారూ, ఇది రూల్స్‌కి విరుద్ధం."

సత్యారావు చెవి గోక్కున్నాడు.

"అయితే రికార్డు ప్రకారం ఈ డిస్క్ పోయిన వారమే ధ్వంసమైంది. లేని డిస్క్ మీద కేసు పెడితే నన్ను పిచ్చివాడంటారు." చీఫ్ కొత్త డిస్క్‌ని కవర్లో వేసి లక్క సీలు కొట్టాడు. "ఇది మాత్రం సాక్ష్యం. అతి రహస్యం. ముప్పై ఏళ్ళదాకా ఎవరూ తెరవడానికి వీల్లేదు."

బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

సరిగ్గా అప్పుడే సిగ్నల్ వచ్చింది. పూర్ణచంద్ర ఫోన్ మోగింది.

"ఒరే చంద్రం! నా బీరువాలో చీరలన్నీ ఎవర్రా చిందరవందర చేసింది? అప్పడాలు పొయ్యి గట్టు మీదున్నాయేంటి? సరే, అవి పోనీ. మీ బావని కళ్యాణి పెళ్ళి వీడియో ఇవాళే తెమ్మను. ఆదివారం అత్తారికి అదే చూపిస్తానని చెప్పీసాను. ఏట్రా, మాటాడవేం?"

సైలెన్సర్ ముందు కన్నార్పని ఏజెంట్ పూర్ణచంద్ర ఫోన్‌ని బావ చేతిలో పెట్టి తలుపు వైపు నడిచాడు.

"నీకే బావా. తుఫాను హెచ్చరిక. వాతావరణం నీ డిపార్ట్‌మెంట్ కదా."